మూడు కాళ్ల నిబంధన

అమ్మడి సినిమాలో చివరి షాట్ ఒక్కటే మిగిలింది. మిగతాదంతా ఇంట్లోనే లాగించేసింది. వంటగదిలో కొంత, మేడమెట్ల మీద కొంత, వాన కురిసిన రోజు కిటికీ దగ్గర కొంత. ఇంట్లో తీసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. మహా అయితే, "స్టవ్ పక్కన ఆ లైట్లేమిటే, తీసెయ్" అని వాళ్లమ్మ రెండు కేకలేస్తుంది. ఈ ఒక్క షాట్ మాత్రం వీధిలో తీయాలి. బస్సు షెల్టరులో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. బస్సులొస్తాయి, పోతాయి. ఆవిడ ఎక్కదు. నాలుగు నిమిషాలు అలా చూపించి సినిమా ముగించేయాలని అమ్మడి ఆలోచన.

అమ్మడి అసలు ఉద్యోగం పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం. ఆరేళ్లుగా ముక్కూమొహం తెలియని జంటల నవ్వుల్ని కత్తిరించి, అతికించి, చివరికి పెళ్లికూతుళ్లు కలలోకొచ్చి "మేడమ్, నా గడ్డం కింద మడత తీసేశారా?" అని అడిగేదాకా వచ్చింది వ్యవహారం. ఇక లాభం లేదు, నాకంటూ ఒక సినిమా ఉండాలి అని ఆ మర్నాడే తీర్మానించుకుంది. చేతిలో ఉన్న సరంజామా ఏమిటంటే, స్టూడియో యజమాని ఆదివారాలు వాడుకోమన్న పాత కెమెరా, దాని మూడు కాళ్ల స్టాండు, 'పొడుగు' అని అందరూ పిలిచే కెమెరామన్, సొంత బాబాయి, పిన్ని.

పిన్ని హీరోయిన్. అనుకుని జరిగింది కాదు. మొదట ఒప్పుకున్న నటి మూడో రోజున టీవీ సీరియల్లో అత్తగారి వేషం వచ్చిందని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. అందరూ తల పట్టుకుని కూర్చున్నారు. ఫ్లాస్కుతో టీ తెచ్చిన పిన్ని, కప్పులు ఖాళీ అయ్యేదాకా ఉందామని మేడమెట్ల మీద కూలబడింది. పొడుగు ఊరికే కెమెరాలోంచి అటు చూసి, "ఆవిణ్ణి కదలొద్దనండి" అన్నాడు.

పిన్ని నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరి అభిప్రాయం. చివరి షాట్ వివరించినప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎవరి కోసమే, ఆవిడ ఎదురుచూసేది?"

"అది ప్రేక్షకుల ఊహకి వదిలేశాం పిన్నీ."

"వాళ్లకి వదిలెయ్. అక్కడ కూర్చునేది నేను కదా, నాకైనా చెప్పాలా వద్దా?"

అమ్మడు తల గోక్కుంది. "పోనీ, మొగుడి కోసం అనుకో."

"ఓ, అదా! అదైతే నేర్పక్కర్లేదు" అంది పిన్ని.

ఒక ఆదివారం పొద్దున్నే పిన్నిని షెల్టరులో కూర్చోబెట్టారు. ఆకుపచ్చ స్వెట్టరు, ఒళ్లో గొడుగు, పక్కన చేతిసంచి. సంచి నిండుగా కనపడాలని పాత పేపర్లు కుక్కారు. సినిమాలో ఆవిడకి ఫోను లేదు కాబట్టి పిన్ని ఫోను కూడా తీసి, తాము వచ్చిన స్టూడియో వ్యానులో పెట్టారు. రోడ్డుకి అవతలి వైపు కాలిబాట మీద కెమెరా నిలబెట్టారు.

"పిన్నీ, రెండే మాటలు. మా వైపు చూడొద్దు. నేను కట్ చెప్పేదాకా కదలొద్దు" అని చెప్పి అమ్మడు రోడ్డు దాటి వచ్చేసింది.

కెమెరా తిప్పి రెండు నిమిషాలైందో లేదో, ట్రాఫిక్ పోలీసు వచ్చి స్టాండు పక్కన నాలుగో కాలులా నిలబడ్డాడు.

"ఏమిటిది?"

"చిన్న సినిమా సార్" అంది అమ్మడు.

"చిన్నదో పెద్దదో, కాగితమేదీ?"

కాగితం లేదు. పొడుగు జేబులు తడుముకున్నాడు. అమ్మడు బతిమాలింది. పోలీసు ఇద్దరినీ, కెమెరానూ, స్టాండునూ వాళ్ల వ్యానులోనే ఎక్కించుకుని పోలీసు చౌకీకి తీసుకుపోయాడు. అక్కడ ఇద్దరి చేతా విడివిడిగా క్షమాపణ రాయించుకున్నాడు. పొడుగు రాసిన దాంట్లో ఐదు తప్పులున్నాయని మళ్లీ రాయించాడు. ఈ హడావిడిలో పిన్ని సంగతి గుర్తొచ్చేసరికి గంటన్నర దాటిపోయింది.

ఈలోగా ఇంట్లో బాబాయికి టీ టైమైంది. టీ రాలేదు. మనిషీ రాలేదు. ఫోను చేస్తే వ్యానులో మోగుతోంది కానీ ఎత్తే దిక్కు లేదు. ఆయన చెప్పులేసుకుని వెతుక్కుంటూ షెల్టరు దగ్గరికి వచ్చాడు.

"ఏమోయ్, ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?"

పిన్ని తల తిప్పలేదు. పెదవి కదపకుండా, "పక్కకి తప్పుకోండి. కెమెరాకి అడ్డొస్తున్నారు" అంది.

"ఏ కెమెరాకి? అక్కడెవరూ లేరు!"

"కట్ చెప్పలేదండీ ఇంకా."

బాబాయి రోడ్డు అవతలికి చూశాడు. చెత్తకుండీ, దాని పక్కన ఒక కుక్క. అంతే. పిన్ని మెల్లగా కళ్లు అటు తిప్పి చూసి, గొడుగు తీసుకుని లేచింది. కాళ్లు తిమ్మిరెక్కి మళ్లీ కూర్చుండిపోయింది. ఆ గంటన్నరలో ఏడు బస్సులు ఆగాయట. ఏడింటికీ ఆవిడ తల అడ్డంగా ఊపిందట.

ఆ మధ్యాహ్నం అమ్మడు ముఖం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడింది. బాబాయి ఆమెను తిట్టలేదు. "తప్పు నీది కాదమ్మా, కాగితానిది. ఒక్క కాగితం చేతిలో ఉంటే మీ పిన్ని ఇలా రోడ్డు పాలయ్యేది కాదు. ఆ కాగితం నేను తెస్తాను" అన్నాడు.

బాబాయి రోడ్ల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ముప్పై మూడేళ్లు ఫైళ్ల మధ్య బతికిన మనిషికి ఉన్నట్టుండి సంతకం పెట్టడానికి ఏమీ లేకుండా పోయింది. దాంతో ఇంట్లో వాటికి ఫైళ్లు తెరిచాడు. ఫ్రిజ్‌కి ఒకటి, గీజరుకి ఒకటి, తన ఎడమ మోకాలికి ఒకటి. గీజరు చెడిపోతే పిన్ని నోటిమాటగా చెబితే చాలదు, రాసిమ్మంటాడు. అలాంటాయనకి అమ్మడి సినిమా వరంలా దొరికింది. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో కొత్త ఫైలు పెట్టుకుని, పెళ్లికి వెళ్తున్నంత కళగా బయల్దేరాడు.

మొదట మున్సిపాలిటీ. షెల్టరు వాళ్లది. సినిమా అనుమతులు చూసే గుమాస్తా పన్నెండు పేజీల దరఖాస్తు చేతిలో పెట్టాడు. అది పెద్ద సినిమాల వాళ్ల కోసం తయారుచేసింది. బాబాయి కళ్లజోడు సవరించుకుని ఒక్క గడి కూడా వదలకుండా నింపాడు. గుర్రాలు ఎన్ని? లేవు. పేలుళ్లు ఎన్ని? లేవు. క్రేన్లు? లేవు. హీరో రక్షణకి ఎంతమంది పోలీసులు కావాలి? అక్కర్లేదు, మనిషి నెమ్మదస్తురాలు.

గుమాస్తా అది చదివి అనుమానంగా చూశాడు. "గుర్రాల్లేవు, పేలుళ్లు లేవు, డాన్సుల్లేవు. మరి ఏముందండీ ఇందులో?"

"మా ఆవిడ కూర్చుంటుంది."

"కూర్చుని?"

"కూర్చునే ఉంటుంది."

"తర్వాత?"

"తర్వాత సినిమా అయిపోతుంది."

గుమాస్తా దరఖాస్తు వెనక్కి తిప్పి కూడా చూసి, "పెద్దాయనా, ఇందులో ఇంకేదో ఉంది. మీరు చెప్పడం లేదు" అన్నాడు. అయినా ఎక్కడా అడ్డు చెప్పడానికి వీల్లేక, ముందు ట్రాఫిక్ పోలీసుల సమ్మతి పట్టుకు రమ్మన్నాడు. బస్సుల వాళ్లు సరేనంటే తమకూ సరే అన్నారు ట్రాఫిక్ వాళ్లు. బస్సుల వాళ్లు, షెల్టరు మున్సిపాలిటీది కదా, వాళ్లు ఒప్పుకుంటే చూద్దాం అన్నారు. బాబాయి కాలికి బలపం కట్టుకుని వారం రోజులు ఈ మూడింటి చుట్టూ తిరిగాడు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. ఆయన మాత్రం రోజురోజుకీ పుంజుకుంటున్నాడు. పిన్నికి కూడా ఆశ్చర్యమేసింది, మోకాలి ఫైలు తెరిచి పది రోజులైంది మరి.

చివరికి ఆయన ముగ్గురి దగ్గరా ఒకే వాక్యం రాయించాడు: 'మిగతా ఇద్దరికీ అభ్యంతరం లేని పక్షంలో మాకునూ లేదు.' ఇంత జాగ్రత్తగా ఉన్న వాక్యం మీద సంతకం పెట్టడానికి ఎవరికీ భయం వేయలేదు. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇక కాదనేవాడే లేడు. అనుమతి వచ్చేసింది.

ఇక మిగిలింది కాలిబాట ఒక్కటే. అది రోడ్ల శాఖది. అంటే బాబాయి సొంత ఆఫీసు.

"నువ్వు కూడా రా అమ్మడూ. మా ఆఫీసులో పని ఎలా అవుతుందో చూద్దువుగాని" అని అమ్మడిని వెంటబెట్టుకెళ్లాడు. దారంతా చెబుతూనే ఉన్నాడు. తన కుర్చీలో ఇప్పుడున్నది తను అక్షరాలు దిద్దించిన శిష్యుడట. ఇలా అడగ్గానే అలా ఇచ్చేస్తాడట.

శిష్యుడు గురువుగారిని చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. దరఖాస్తు చదివాడు. 'కెమెరా స్టాండు' అన్న మాట దగ్గర ఆగాడు. మొహం పాలిపోయింది.

"సార్, ఈ స్టాండుకి కాళ్లెన్ని?"

"మూడు."

శిష్యుడు బీరువా తెరిచి, అట్టలు కట్టిన పాత సర్క్యులర్ల పుస్తకం తీసి, పేజీ తిప్పి రెండు చేతులతో ముందు పెట్టాడు. అమ్మడు వంగి చదివింది. 'కాలిబాటపై మూడు గానీ, అంతకు మించి గానీ కాళ్లు గల ఏ వస్తువునూ, ఏ కారణముచేతనైననూ, ఎంత స్వల్పకాలమైననూ నిలుపరాదు.' కింద సంతకం బాబాయిదే.

ఇరవై ఏళ్ల కిందట ఒక బట్టల కొట్టువాడు కాలిబాట మీద పెట్టిన ప్రకటన బోర్డు కాళ్లు తట్టుకుని పెద్ద ఇంజినీరు బోర్లా పడ్డాడు. కళ్లజోడు పగిలింది. ఆ సాయంత్రమే బాబాయి కూర్చుని ఈ నిబంధన రాశాడు. తర్వాత చాలామంది దీన్ని తప్పించుకోవాలని చూశారు. ఎవరి వల్లా కాలేదు.

"అది బోర్డుల కోసం రాసింది నాయనా. కెమెరాల కోసం కాదు" అన్నాడు బాబాయి.

"కానీ 'ఏ వస్తువునూ' అన్నారు కదా సార్."

"పది నిమిషాల పని."

"'ఎంత స్వల్పకాలమైననూ' సార్."

"సినిమా కళ కదా!"

"'ఏ కారణముచేతనైననూ'..." శిష్యుడు రెండు చేతులూ జోడించాడు. "సార్, మీరే నేర్పారు. రాసినవాడు వచ్చి అడిగినా మార్చకూడదు, అదే నిబంధన అంటే, అని."

బాబాయి పుస్తకం దగ్గరికి లాక్కుని తన సంతకం చూసుకున్నాడు. అమ్మడు మాత్రం ఊరుకోలేదు. "అంటే ఆ కాలిబాట మీద కుక్కలు కూడా నిలబడకూడదా సార్? వాటికి నాలుగు కాళ్లు కదా!"

"ఆ సందేహం మీద అప్పట్లోనే ఒక అర్జీ వచ్చిందండీ" అన్నాడు శిష్యుడు వినయంగా. ఇంకో పేజీ తిప్పాడు. "కుక్క ప్రాణి గానీ వస్తువు కాదని సార్ నోట్ పెట్టారు. చాలా గొప్ప నోట్."

తిరిగొచ్చేటప్పుడు బాబాయి అమ్మడి కంటే పదడుగులు ముందు నడిచాడు. ఇంటికెళ్లి, తన దగ్గరున్న నకలు తీసి భోజనాల బల్ల మీద పరిచి, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో మాటనూ అటు నుంచీ ఇటు నుంచీ లాగి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు. ఒక పక్క గర్వం, ఒక పక్క దిగులు. అమ్మడు, పొడుగు ఎదురుగా కూర్చుని, దహనానికి వచ్చినవాళ్లలా నేల చూపులు చూస్తున్నారు.

"చేత్తో పట్టుకుని తీయలేవా?" అని అడిగాడు బాబాయి.

"నాలుగు నిమిషాలు కదలకుండా నా వల్ల కాదండీ" అన్నాడు పొడుగు. "పైగా నా ఎత్తు నుంచి తీస్తే ఆవిడ నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. కూర్చుని తీద్దామంటే రోడ్డు మీద కార్లు అడ్డం."

పిన్ని గిన్నెలు సర్దుతూ ఇవన్నీ వింటోంది. "స్టాండుకి కాళ్లుంటే తప్పు గానీ, మీకుంటే తప్పేముంది?" అంది.

ముగ్గురూ తలెత్తారు.

"మీ భుజం మీద పెట్టుకోండి. మనిషి ఉన్నచోట నుంచి కదలకుండా ఉండటంలో మిమ్మల్ని మించినవాళ్లున్నారా?"

అది పొగడ్తో దెప్పో బాబాయికి అర్థం కాలేదు. పొడుగు మాత్రం లేచి, బాబాయిని గోడ పక్కన నిలబెట్టి, ఆయన కుడి భుజం ఎత్తు కొలిచాడు. సరిగ్గా కావలసిన ఎత్తు. వేలెడు అటూ లేదు, ఇటూ లేదు.

మూడు కాళ్ల స్టాండు వాడబోమన్నాక రోడ్ల శాఖ అనుమతి కూడా వచ్చింది, రెండు షరతుల మీద. బుధవారం పొద్దున పది నుంచి పదీ నలభై దాకా మాత్రమే తీయాలి. రోడ్ల శాఖ మనిషి దగ్గరుండి చూడాలి.

బుధవారం పది గంటలకి అందరూ చేరారు. శిష్యుడు కొలత టేపు తెచ్చుకున్నాడు. బందోబస్తుకి వచ్చింది పాత ట్రాఫిక్ పోలీసే. అతను అనుమతి కాగితాలు చేతికి తీసుకుని మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. గుర్రాల దగ్గర ఆగి, "లేవు కదా?" అని చుట్టూ చూసి రూఢి చేసుకున్నాడు. అతని చదువు పూర్తయ్యేసరికి పదీ పన్నెండు.

బాబాయి కరెంటు స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. భుజం మీద చిక్కుడు గింజలు నింపిన గుడ్డసంచి, దాని మీద కెమెరా. పొడుగు పక్క నుంచి వంగి ఒక కన్ను కెమెరాకి ఆనించాడు. శిష్యుడు రెండడుగులు వెనక్కి వేసి, వంగి చూసి, ఇబ్బందిగా దగ్గాడు.

"సార్, ఇప్పుడు కెమెరాకి కింద నాలుగు కాళ్లు కనిపిస్తున్నాయి."

"కుక్కే వస్తువు కానప్పుడు నేను వస్తువునెలా అవుతాను నాయనా?" అన్నాడు బాబాయి మెడ తిప్పకుండా. "నోట్ చూసుకో."

శిష్యుడి మొహం వెలిగిపోయింది. డైరీలో రాసుకున్నాడు.

మొదటి టేక్‌లో బాబాయి తుమ్మాడు. షెల్టరు, పిన్ని, ఆకాశం అన్నీ ఎగిరి పడ్డాయి. రెండో టేక్‌లో దారినపోయే పెద్దమనిషి ఒకాయన, "ఏమయ్యా, మెడ పట్టేసిందా?" అని బాబాయి ముందు నిలబడి కుశలం అడిగాడు. పోలీసు ఆయన్ని తీసుకెళ్లేసరికి పదీ ఇరవై తొమ్మిది.

"ఇదే ఆఖరు. బాబాయ్, ఊపిరి మెల్లగా. పిన్నీ..." అని రోడ్డు అవతలికి కేకేసింది అమ్మడు, "ఆదివారం చేసినట్టే!"

కెమెరా తిరగడం మొదలైంది.

బాబాయికి తల తిప్పడానికి లేదు. మాట్లాడటానికి లేదు. చేతులు ఆడించడానికి లేదు. ఎదురుగా ఉన్నది చూడటం ఒక్కటే పని. ఎదురుగా పిన్ని ఉంది. గొడుగు పిడి మీద బొటనవేలితో మెల్లగా రాస్తోంది. వీధి చివరకి ఒకసారి చూసింది. చూపు వెనక్కి తెచ్చుకుంది. స్వెట్టరు మోచేతి దగ్గర ఊడిన పోగు లోపలికి దోపుకుంది. మళ్లీ చూసింది, ఈసారి కొంచెం తక్కువసేపు.

ముప్పై మూడేళ్లు బాబాయి ఆఫీసు నుంచి ఆలస్యంగానే ఇంటికొచ్చాడు. ఆవిడ ఎదురుచూసేదని ఆయనకు తెలుసు. కానీ ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండేది. తలుపు తెరుచుకునేది, వంట వేడెక్కేది. ఎదురుచూపు ఎలా ఉంటుందో ఆయన చూసే వీలే లేకపోయింది. ఆ ఆదివారం షెల్టరుకి వచ్చినప్పుడు కూడా టీ అందలేదన్న విసురులో వచ్చాడు. ఇప్పుడు నిలబెట్టి మరీ చూపిస్తున్నారు. ఎంతసేపైందో తెలియడం లేదు. భుజం మీద బరువు మర్చిపోయాడు. ఎవడో గానీ ఆ రావలసినవాడు త్వరగా వస్తే బాగుండును అనిపించింది. అంతలోనే, ఆ వెధవని నేనే కదా అని గుర్తొచ్చి ఆయనకి చెవులు వేడెక్కాయి.

ఒక బస్సు వచ్చి షెల్టరు ముందు ఆగింది. పిన్ని కనపడకుండా పోయింది. బస్సు కదిలింది. పిన్ని ఉంది.

ఇంకో బస్సు వచ్చింది. ఆగింది. పోయింది. పిన్ని ఉంది.

మూడో బస్సు వచ్చింది. మిగతా వాటి కంటే కాస్త ఎక్కువసేపు ఆగింది. పోయింది.

బెంచీ ఖాళీగా ఉంది.

పొడుగు కెమెరా నుంచి కన్ను తీసి, మళ్లీ ఆనించాడు. అమ్మడు నోరు తెరిచింది, కానీ కట్ అనలేదు. ఎందుకనలేదో ఆమెకే తెలియదు. శిష్యుడు డైరీ మూసేశాడు. బాబాయి స్తంభానికి వీపు ఇంకా గట్టిగా ఆనించాడు. అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే షాట్ పోతుంది. పరిగెత్తితే కెమెరా పోతుంది. కళ్లప్పగించి ఆ ఖాళీ బెంచీని చూస్తూ నిలబడ్డాడు. అలా ముప్పై, నలభై క్షణాలు. కెమెరా చిన్నగా వణికింది.

"కట్" అంది అమ్మడు.

"ఏదీ? మీ పిన్ని ఏదీ?" అని బాబాయి కెమెరాను పొడుగు చేతుల్లోకి తోసేసి రోడ్డుకి అడ్డంపడ్డాడు. పోలీసు ఈల ఊది రెండు వైపులా కార్లు ఆపాడు. షెల్టరులో ఎవరూ లేరు. బెంచీ కింద చూశాడు, వెనక చూశాడు. బస్సు వెళ్లిన దిక్కున నడవడం మొదలుపెట్టాడు. వెనక అమ్మడు, ఆమె వెనక టేపుతో శిష్యుడు.

మలుపు తిరిగేసరికి పిన్ని ఎదురొస్తోంది. గొడుగు వేసుకుని, తీరుబడిగా.

"ఎక్కడికెళ్లావు?" అన్నాడు బాబాయి. కోపంగా అందామనుకున్నాడు, బతిమాలినట్టు వచ్చింది.

"పక్క స్టాపు దాకా. కండక్టరమ్మ టికెట్ అడిగింది. సంచీలో అన్నీ పాత పేపర్లేనాయె. సినిమాలో ఉన్నానమ్మా అన్నాను. నమ్మలేదు, దింపేసింది."

"అసలెందుకెక్కావు పిన్నీ?" అంది అమ్మడు ఏడుపు గొంతుతో. "కథలో ఆవిడ ఎక్కదు కదా!"

పిన్ని కాస్త సిగ్గుపడింది. "ఏమోనే. మూడోసారి కూడా తలుపు తెరుచుకుంది. మొగుడి కోసం అనుకోమన్నావా, అలాగే అనుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ రాడే! ఆవిడ సంగతి ఏమో గానీ, నాకే విసుగొచ్చింది."

"ఇంకొక్కసారి తీద్దాం" అంది అమ్మడు.

శిష్యుడు గడియారం చూసుకున్నాడు. పదీ నలభై ఒకటి. అతని మొహం చూస్తే ఎవరూ బతిమాలాలనుకోలేదు.

అమ్మడు రెండు రోజులు ఆ షాట్‌ను ముట్టుకోలేదు. సినిమా పాడైపోయిందనే అనుకుంది. మూడో రోజు స్టూడియోలో పని లేనప్పుడు వేసుకుని చూసింది. బస్సు పోగానే ఖాళీ బెంచీ కనపడ్డ చోట, వెనక నుంచి ఎవరో "అయ్యో!" అన్నారు. తిరిగి చూస్తే స్టూడియో యజమాని. పెళ్లి వీడియోలు తప్ప ఇంకేవీ చూడని మనిషి, "ఎక్కడికెళ్లిందమ్మా ఆవిడ?" అని అడిగాడు. అమ్మడు ఇక ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు.

ఈలోగా బాబాయి సంగతి చిన్న సినిమాల వాళ్లందరికీ పాకిపోయింది. రైల్వే వంతెన మీద తీయాలని ఒకమ్మాయి, పార్కులో బాతుల పక్కన తీయాలని ఇద్దరు స్నేహితులు, ఇంటికొచ్చి క్యూ కట్టారు. ఫ్రిజ్, గీజరుల ఫైళ్లు అటకెక్కాయి. "బాతులు ప్రాణులు కాబట్టి ఇబ్బంది లేదు. చెరువు ఎవరిదో ముందు అది తేల్చాలి" అని ఆయన సలహాలిస్తుంటే, పిన్ని టీ కప్పులతో తిరిగేది. ఒకరోజు మాత్రం బాబాయి తనే లేచి టీ పెట్టాడు. అది ఎవరూ తాగలేకపోయారు.

లైబ్రరీ పైఅంతస్తులో అరవై కుర్చీల హాలుంది. అక్కడ ఒక సాయంత్రం అమ్మడి సినిమా వేశారు. కుర్చీలు నిండగా ఇంకో పదిమంది నిలబడ్డారు. శిష్యుడు మొదటి వరసలో కూర్చుని, ప్రతి షాట్‌లోనూ నేల ఎంత కనపడుతోందో చూసుకున్నాడు. చివర్లో బెంచీ ఖాళీగా కనపడ్డప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆ కెమెరా వణుకు గొప్ప ఆలోచన అని వెనక వరసలో ఎవరో ఎవరితోనో అన్నారు. పొడుగు విని, కాదనకుండా నవ్వి ఊరుకున్నాడు.

దీపాలు వెలిగాక అమ్మడినీ పిన్నినీ వేదిక మీద కూర్చోబెట్టి ప్రశ్నలడగమన్నారు. మొదటి ప్రశ్నే, "ఆవిడ బస్సెక్కాలని మీకెప్పుడు తట్టింది?" అని వచ్చింది.

"నాకు తట్టలేదండీ" అంది అమ్మడు. "ఆవిణ్ణే అడగండి."

పిన్ని మైకును చూసి కుర్చీలో ముడుచుకుంది. అప్పుడు అయిదో వరసలో బాబాయి లేచి నిలబడ్డాడు. అప్పటికే ఆయన చెయ్యెత్తి చాలాసేపైంది, ఎవరూ చూడలేదు.

"హీరోయిన్ గారికి నాదొక ప్రశ్న" అన్నాడు. పెళ్లయిన ముప్పై అయిదేళ్లలో పిన్నిని ఆయన 'గారు' అనడం అదే మొదలు. "బస్సెక్కి మీరు ఎక్కడికి వెళ్దామనుకున్నారు?"

పిన్ని ఆయన్ని చూసింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"ఎక్కడికని అనుకోలేదండీ. ముందు ఎక్కుదామనుకున్నాను. ఎక్కాక చూసుకుందామనుకున్నాను."

హాలంతా నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. బాబాయి నవ్వలేదు. అలాగా అన్నట్టు తల పంకించి, నెమ్మదిగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఉన్నాయన చప్పట్లు కొడుతూనే ఆయన వైపు వంగాడు.

"ఆవిడ మీకు తెలుసా అండీ?"

బాబాయి వేదిక మీది మనిషి వంక చూస్తూ, "కొంచెం" అన్నాడు.